చెప్పుల డబ్బా, చీర డబ్బా, ఆంకీ: ఏడేళ్ళు వాడాక

2019 జనవరిలో, ప్రభుత్వ ప్రాథమిక బడుల టీచర్ల కోసం పెట్టే డీఎస్సీ ఎస్జీటీ పరీక్ష రాసి బయటికొచ్చినప్పుడు నన్ను ఏడిపించింది చదవని ప్రశ్నలు కాదు, చదివినవే. ఆ పాఠం పుస్తకంలో ఎడమ పేజీలో ఉందని తెలుసు. దాని కింద గులాబీ స్కెచ్ పెన్నుతో గీత గీసిన సంగతీ తెలుసు. ఆ గీత పైన ఏముందో మాత్రం తెలియదు. అందులో ఒక బిట్టు విస్మృతి మీద. అంటే మరచిపోవడం గురించిన పాఠాన్నే శుభ్రంగా మరచిపోయి వచ్చాను. గేటు బయట ఎదురుచూస్తున్న మా ఆయనకు ఈ మాట చెబితే నవ్వాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత చదివే తీరు మార్చాను. ఈ ఏడేళ్ళలో వాడినవి మూడు: అట్టముక్కల డబ్బా, ఫోన్లో ఆంకీ అనే యాప్, మా అమ్మగారి ఇల్లు. మూడోదేమిటో తర్వాత చెబుతాను. కర్నూలులో కల్లూరు వైపు అద్దె ఇంట్లో, ఇద్దరు పిల్లలతో, అత్తమ్మతో ఉంటూ చదివిన చదువు ఇది. పొద్దుట్నుంచి రాత్రి దాకా గ్రంథాలయంలో కూర్చునే వీలున్నవాళ్ళకు కొన్ని సంగతులు అతిగా అనిపించవచ్చు.

ఇంకొకటి కూడా దృష్టిలో పెట్టుకుని చదవండి. డీఎస్సీ తేదీ తెలిసిన పరీక్ష కాదు. 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ 2024 ఫిబ్రవరిలో ఒకటి వచ్చింది, అది పరీక్ష దాకా పోలేదు. చివరికి 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించి జూన్‌లో పరీక్షలు మొదలుపెట్టారు. మూడు నెలల్లో పరీక్ష అంటే బట్టీ పట్టి గట్టెక్కొచ్చు. ఎప్పుడో తెలియని పరీక్షకు ఏడాది తర్వాత కూడా జవాబు నోటికి రావాలి. ఆ అవసరమే నన్ను డబ్బా దగ్గరికి తీసుకెళ్ళింది.

డబ్బా పద్ధతిని 1970లలో లైట్నర్ అనే జర్నలిస్టు ప్రచారంలోకి తెచ్చాడు. ఒక డబ్బాలో ఐదు అరలు. కార్డుకు ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. చెప్పగలిగితే కార్డు తర్వాతి అరలోకి పోతుంది. చెప్పలేకపోతే ఏ అరలో ఉన్నా మళ్ళీ మొదటి అరకే రావాలి. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకు, ఐదోది నెలకోసారి తీసేదాన్ని. వచ్చినవి మెల్లగా దూరం జరుగుతాయి, రానివి కళ్ళ ముందే తిరుగుతుంటాయి.

ఖర్చేమీ కాలేదు. ఇంట్లో పాత పెళ్ళిపత్రికలు కట్టలుగా పడి ఉంటే వాటిని నాలుగేసి ముక్కలుగా కోశాను. ఖాళీ వైపు ప్రశ్న, అచ్చు వైపు తెల్లకాగితం అంటించి జవాబు. అంటించడానికి బద్ధకించిన కార్డుల మీద జవాబు పక్కనే 'చి॥ల॥సౌ॥' అని ఇప్పటికీ కనిపిస్తుంది. అవన్నీ చెప్పుల డబ్బాలో సర్దుతుంటే అత్తమ్మ చూసింది. "ఏమ్మే, చదువులతల్లిని చెప్పుల డబ్బాలో పెడ్తివా? ఇంక పాసెట్లయితావు?" అని, తన పట్టుచీర డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. అది పొడుగ్గా ఉండి ఐదు అరలూ ఇంకా బాగా కుదిరాయి.

నెల తిరిగేసరికి తేడా తెలిసింది. నిజానికి గొప్పతనం డబ్బాది కాదు, పుస్తకం మూసి అడగడంలో ఉంది. మా సైకాలజీ పుస్తకంలోనే ఉంది, గుర్తింపు వేరు, పునఃస్మరణ (చూడకుండా గుర్తు తెచ్చుకోవడం) వేరని. ఆ వాక్యాన్ని కూడా గీత గీసి వదిలేశాను! పాఠం పదిసార్లు చదివితే పెరిగేది గుర్తింపు. సి.క్యాంపు రైతుబజారులో రోజూ కనిపించే మనిషిలాగా, ముఖం తెలుసు, పేరేమిటంటే నోరు వెళ్ళబెడతాం. 2006లో రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. చదివిన ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్ళీమళ్ళీ చదివినవాళ్ళే మెరుగ్గా రాశారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం సాధన చేసినవాళ్ళు ముందుకొచ్చారు. పరీక్ష హాలు గేటు దగ్గర నిలబడి పేజీలు తిరగేసేవాళ్ళకు అది పనిచేస్తున్నట్టే ఎందుకనిపిస్తుందో ఇది చదివాక అర్థమైంది.

మరపు మీద ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త వేసిన లెక్క చూపించి భయపెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన తన మీదే ప్రయోగం చేసుకుని, రోజు గడిచేసరికి దాదాపు మూడో వంతు, నెలకు ఐదో వంతు మిగిలిందని తేల్చిన మాట నిజమే. కానీ ఆయన నేర్చుకున్నవి అర్థం లేని అక్షరాల గుంపులు. మనం చదివేదానికి అర్థం ఉంటుంది కాబట్టి అంత ఘోరంగా ఏమీ పోదు. పోకుండా ఉండాలంటే మాత్రం మధ్యమధ్యలో తట్టి లేపాలి.

దీనికి మన దగ్గర ఒక ఉదాహరణ ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఒకసారి అష్టావధానం చూడ్డానికి పోయాను. ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ పోతాడు. మొదటాయనకు రెండో పాదం చెప్పేలోపు మిగతా అందరి పని అడ్డం వస్తుంది, గంట మోగుతుంది, అప్రస్తుత ప్రసంగి ఏదో వెక్కిరిస్తాడు. అన్నీ తట్టుకుని మళ్ళీ మొదటి పద్యం దగ్గరికి రావాలి, చివర్లో ధారణలో పద్యాలన్నీ ఒప్పజెప్పాలి. నేను పెళ్ళిపత్రికల ముక్కలతో చేస్తున్నదీ ఇదే కదా అనిపించింది. ఎడం ఇవ్వడం, మధ్యలో వేరే పని రావడం, కాగితం చూడకుండా మళ్ళీ పట్టుకోవడం. ఆయన పాండిత్యం నాకెక్కడిది, ఆ సూత్రం ఒక్కటే తీసుకున్నాను.

2020లో లాక్‌డౌన్ వచ్చేసరికి కార్డులు పన్నెండు వందలు దాటాయి. చీర డబ్బా మూత పడటం మానేసింది. చిన్నోడు రెండుసార్లు మొత్తం నేల మీద గుమ్మరించాడు. ఏ కార్డు ఏ అరదో దేవుడికే తెలియాలి. అప్పుడు ఆంకీకి మారాను. 2006 నుంచి ఉన్న యాప్ ఇది, జపాన్ భాషలో ఆ మాటకు కంఠస్థం చేయడమనే అర్థం. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితం, ఐఫోన్‌లో కొనుక్కోవాలి. తెలుగులో టైపు చేస్తే చక్కగా తీసుకుంటుంది. ఏ కార్డు ఏ రోజు అడగాలో అదే లెక్క వేస్తుంది. జవాబు చూశాక నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి: మళ్ళీ, కష్టం, బాగుంది, సులభం అన్నట్టు. ఇక్కడే మనల్ని మనం మోసం చేసుకుంటాం. నాలుక చివరిదాకా వచ్చి ఆగినదాన్ని 'బాగుంది' అని నొక్కేస్తే అది వారాల పాటు కనిపించదు. మొదటి ఏడాదంతా నేను చేసింది ఇదే.

కార్డు ఎలా రాశామన్నదే అన్నిటికంటే ముఖ్యం. పిల్లల ఆలోచన ఏ వయసులో ఎలా ఎదుగుతుందో పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశలుగా చెప్పాడు. మొదట్లో "పియాజే సంజ్ఞానాత్మక వికాస దశలు" అని ఒకే కార్డు రాసి, వెనక పన్నెండు లైన్లు కొట్టాను. అది వచ్చిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు మా చిన్నోడి ముందు వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి, వాడు చూస్తుండగానే సన్నటి స్టీలు గ్లాసులోకి ఒంపాను. ఎందులో ఎక్కువున్నాయిరా అంటే గ్లాసు చూపించాడు. మళ్ళీ గిన్నెలోకి ఒంపి చూపించినా అదే మాట. వాడికప్పుడు ఐదేళ్ళు. ఆ సాయంత్రం పాత కార్డు తీసేసి కొత్తది రాశాను: "గ్లాసులో నీళ్ళు ఎక్కువున్నాయన్న చిన్నోడు ఏ దశలో ఉన్నాడు?" వెనక మూడే మాటలు: పూర్వ ప్రచాలక దశ. పాత్ర మారినా నీళ్ళు అంతే ఉంటాయని ఇంకా తెలియని దశ అది. ఆ తర్వాత ఆ కార్డు ఎప్పుడూ తప్పలేదు. మిగతా దశలకు కూడా ఒక్కో పిల్లాడిని వెతుక్కున్నాను, వీధిలో పిల్లలకేం కొదవ!

అందుకే కార్డులు ఎవరైనా అడిగితే ఇవ్వను. గొప్ప కోసం కాదు. అనంతపురంలో ఉండే నా స్నేహితురాలు పట్టుబడితే ఒకసారి మొత్తం పంపించాను. పది రోజులకు మానేసింది. చిన్నోడెవరో, ఆ గ్లాసు ఏమిటో ఆమెకేం తెలుస్తుంది? కార్డు రాయడంలోనే సగం చదువు అయిపోతుంది, ఆ సగం నేను చేసేసి మిగతా సగం ఆమెకు పంపాను.

ఇక ఆంకీతో నా తగాదాలు. మొదటిది బకాయి. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు మూడు వారాలు ఫోన్ ముట్టలేదు. రోజుకు ఇన్నే అనే పరిమితిని నేనే అంతకుముందు తీసేసి ఉన్నాను. తెరిచేసరికి వెయ్యి పైచిలుకు కార్డులు ఎదురుచూస్తున్నాయి. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నట్టుంది. యాప్ తీసేద్దామనుకున్నాను కూడా. కొత్త కార్డులు పూర్తిగా ఆపి, రోజుకు వంద చొప్పున తీర్చుకుంటూ వస్తే దాదాపు నెల పట్టింది. 2023 చివర్లో లెక్క వేసే కొత్త పద్ధతి ఒకటి చేర్చారు, దానికి మారాక నాకు రోజువారీ భారం బాగా తగ్గింది. రోజూ పట్టుమని ఇరవై నిమిషాలు కూడా దొరకనివాళ్ళు దీన్ని మొదలుపెట్టకపోవడమే మేలు.

రెండోది ఇంకా పెద్దది. తప్పును కూడా అది ఒప్పంత గట్టిగా నేర్పిస్తుంది. ఒక కోచింగ్ సెంటర్ ఇచ్చిన మెటీరియల్‌లో 11 ప్రాథమిక విధులూ 42వ సవరణతోనే వచ్చాయని ఉంటే అలాగే ఎక్కించాను. 1976లో ఆ సవరణతో చేరినవి పది. పదకొండోది 2002లో 86వ సవరణతో వచ్చింది. ఎనిమిది నెలలు ఆ తప్పును యాప్ అడగడం, నేను తడుముకోకుండా చెప్పడం! మొదటిసారి తప్పుగా దిగినదాన్ని పీకడం, కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం. అప్పట్నుంచి పాఠ్యపుస్తకంలో సరిచూడకుండా ఒక్క కార్డు కూడా రాయలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు మరో తలనొప్పి. ఆళ్ళగడ్డ ఏ జిల్లా అంటే కర్నూలు అని నేనంటాను, సరే అని యాప్ అంటుంది, ఆళ్ళగడ్డ నంద్యాలకు పోయి అప్పటికే వారం. కూర్చుని డెబ్బై కార్డులు దిద్దాను.

మా అమ్మగారి ఇల్లు సంగతి. బేతంచెర్ల దగ్గర పల్లె, నేలంతా నాపరాళ్ళు పరిచిన పాత ఇల్లు. తెలిసిన ఇంట్లో ఒక్కో చోట ఒక్కో విషయాన్ని బొమ్మలా పెట్టి, మనసులో నడుస్తూ ఏరుకోవడం గ్రీకుల కాలం నాటి కిటుకు. పుట్టినప్పట్నుంచి ముసలితనం దాకా మనిషి ఎదుగుదలకు ఎరిక్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన ఎనిమిది దశలు ఎన్ని కార్డులు రాసినా వరస తప్పుతుంటే ఇది ప్రయత్నించాను. వాకిట్లో మంచం మీద తల్లి పక్కన పసిబిడ్డ: నమ్మకం, అపనమ్మకం. గడప తానే దాటుతానని మొరాయించి పడబోతున్న బుడ్డోడు: స్వయంప్రతిపత్తి, సందేహం. నడవలో నాన్న చెప్పులు వేసుకుని తిరిగే పిల్ల: చొరవ, అపరాధభావన. అలా పడసాల, అద్దం, గది దాటుకుంటూ పోతే పెరట్లో రోలు పక్కన మా అవ్వ కూర్చుని ఉంటుంది. ఆమె చిత్తసమగ్రత, అంటే బతికిన బతుకుతో తృప్తి. ఎనిమిదో దశ ఎప్పుడొచ్చినా ముందు ఆమె ముఖమే కనిపిస్తుంది, పోయి పదేళ్ళయింది. వరస ముఖ్యమైనవాటికి ఈ పద్ధతికి సాటి లేదు. అయితే అన్నిటికీ వాడబోతే ఇల్లు ఇరుకైపోతుంది. బ్రూనర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్తను కూడా అదే నడవలో పెట్టి, ఎరిక్‌సన్‌తో కలిపేసుకున్నాను.

పాతిక నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు విరామం అనే పద్ధతి మా ఇంట్లో నడవలేదు. కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తే అప్పుడే విరామం. లెక్కలకు కార్డులు దండగ, కాగితం మీద చేసుకుంటూ పోవాల్సిందే. సూత్రాలకు మాత్రం పనికొచ్చాయి.

2025లో ఉద్యోగం వచ్చింది. అంతా కార్డుల పుణ్యమే అంటే అబద్ధం. పోస్టులు ఎక్కువ పడ్డాయి, టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో మార్కులు బాగున్నాయి, పిల్లలు పెద్దయ్యారు. కానీ పరీక్ష హాల్లో ఎడమ పేజీ, గులాబీ గీత కళ్ళ ముందు ఆడటం మాత్రం ఈసారి జరగలేదు. ఇప్పుడు ఆదోని వైపు బడిలో పనిచేస్తున్నాను. చీర డబ్బా అక్కడికే చేరింది. ఎక్కాలు, ఒత్తులు రాసిన కార్డులు ఐదు అరల్లో పెట్టి, వచ్చిన కార్డును పిల్లలే తర్వాతి అరలోకి వేసుకుంటారు. ఒక కార్డు వెనక 'చి॥ల॥సౌ॥' చూసి ఇది ఎన్నో ఎక్కం టీచర్ అని అడిగాడొకడు.

ఆంకీలో ఎనిమిదిసార్లు తప్పిన కార్డును జలగ అని పేరు పెట్టి పక్కన పడేస్తారు. నాకు మొత్తం ముప్పై నాలుగు జలగలు. వాటిలో అన్నిటికంటే మొండిది, ఎబ్బింగ్‌హాస్ జ్ఞాపకశక్తి మీద పుస్తకం ఏ సంవత్సరంలో వేశాడన్నది. ప్రతిసారీ 1879 అనేదాన్ని, అది వూంట్ అనే ఆయన జర్మనీలోని లైప్‌జిగ్‌లో మనస్తత్వ శాస్త్ర ప్రయోగశాల పెట్టిన ఏడాది. చివరికి, కాంగ్రెస్ పుట్టిన 1885లోనే అని ముడివేశాక నిలిచింది. నాకొచ్చిన షిఫ్టులో అది అడగలేదు.