పాత చీరల బొంత: ఏళ్ల తరబడి కప్పుకున్నాక

మా చిన్నది పదో తరగతిలో ఉన్నప్పుడు కుట్టిన బొంత ఇది. ఇప్పుడది ఉద్యోగానికి వెళ్తోంది, బొంత మాత్రం ఇంకా వాడుతూనే ఉన్నాం. కుట్టిన కొత్తలో ఏ బొంతైనా బాగానే ఉంటుంది. అందుకే ఇన్నేళ్లలో ఏది నిలిచిందో, ఏది చిరిగిందో రాస్తున్నాను. ముందే ఒక మాట: విశాఖలో ఉండేవాళ్లు పైన వేసే రంగురంగుల ముక్కల గురించి కన్నా లోపల ఏం పెట్టాలన్న దాని గురించి ఎక్కువ ఆలోచించాలి.

కొలత సింగిల్ మంచానికి సరిపడా, 90 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు. ఆరున్నర అంగుళాల చదరాలు కోస్తే, చుట్టూ పావు అంగుళం కుట్టులో పోయి ఆరు మిగులుతుంది. ఆ లెక్కన 150 ముక్కలు. పాత బ్లౌజులు, పిల్లల గౌన్లు, మా ఆయన కాటన్ చొక్కాలు, టైలర్‌ని అడిగి తెచ్చుకున్న కటింగ్ ముక్కలు, అన్నీ కలిపాను. పూర్ణా మార్కెట్‌ వైపు వెళ్లి డబ్బు పెట్టి కొన్నది దారం, అంచు పట్టీకి మెరూన్ గుడ్డ మాత్రమే.

ఇక లోపలి సంగతి. దూది పెట్టించమని చాలామంది చెప్పారు. మాది పెదవాల్తేరు, సముద్రం దగ్గరే. ఇక్కడి తేమకి దూది ఒక పట్టాన ఆరదు. పైకి పొడిగా తగిలినా లోపల చెమ్మ ఉండిపోయి ముక్కిన వాసన కొడుతుంది. పాలిస్టర్ ఫైబర్ త్వరగానే ఆరుతుంది కానీ చెమట పీల్చదు. నేను పరిచింది మెత్తబడిన నేత చీరలు. అయిదున్నర మీటర్ల చీరను సగానికి కోసి, రెండు ముక్కల్నీ పక్కపక్కన కలిపితే ఒక పొర వస్తుంది, ఇంకా కాస్త మిగులుతుంది కూడా. అలాంటివి మధ్యలో రెండు, అడుగున ఒకటి. మన ఊళ్లో డిసెంబరు, జనవరి రాత్రులకీ, మిగతా రోజుల్లో ఏసీ గదికీ ఇది చాలు. అరకు చలికి మాత్రం చాలలేదు, పైన రగ్గు కప్పుకోవాల్సొచ్చింది.

పైముక్కల్లో ముందు పోయేవి పాత బ్లౌజులే అనుకున్నాను. కాదు, కలంకారీ ముక్కలు! అదీ నల్ల గీతలు ఉన్నచోటే చిల్లులు పడ్డాయి. ఆ నలుపును ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేస్తారు. ఆ ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. అదే ముక్కలో ఎరుపు ఉన్న భాగం ఇప్పటికీ గట్టిగానే ఉంది. కలంకారీ వేయాలని ముచ్చటగా ఉంటే నలుపు తక్కువున్నవి ఏరుకోండి. అన్నిటికన్నా బాగా నిలిచినవి చొక్కాల పాప్లిన్ ముక్కలు. మామయ్యగారి పొందూరు ఖద్దరు లాల్చీ ముక్కలైతే ఉతికేకొద్దీ ఇంకా మెత్తబడ్డాయి. కొత్త గుడ్డ ఏదైనా సరే ఒకసారి తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కోయాలి. లేకపోతే ఉతికాక కొత్తది ముడుచుకుపోయి పక్క ముక్కల్ని లాగేస్తుంది.

రంగు దిగడం గురించి కూడా చెప్పాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ అంటారు కానీ, దిగే గుడ్డ ఉప్పు వేసినా దిగుతూనే ఉంటుంది. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. మరక అంటితే ఆ ముక్క ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

ముక్కలు కలపడానికి మిషన్ వాడాను, పొరలన్నీ పట్టి ఉంచే కుట్లు మాత్రం చేత్తోనే వేశాను. వరసకీ వరసకీ మూడు వేళ్ల ఎడం. చేతికుట్టు ఒకచోట తెగితే ఆ నాలుగు అంగుళాలు మళ్లీ కుట్టుకుంటే సరిపోతుంది. ఒక పక్క పాలిస్టర్ దారం వాడాను. అక్కడ దారం తెగకుండా అరిగిన గుడ్డనే కోసింది. నూలు గుడ్డకి నూలు దారమే వాడండి. పొరలు జరగకుండా పిన్నీసులు పెట్టేవాళ్లు వానాకాలంలో వాటిని రోజుల తరబడి వదిలేయొద్దు. ఈ ఉప్పు గాలికి తుప్పు మరకలు పడతాయి, అవి ఓ పట్టాన పోవు. కచ్చా కుట్లే నయం.

ఉతకడమే అసలు పని. మా మిషన్‌లో వేస్తే తడిసిన బరువుకి అది గడగడలాడిపోతుంది. టబ్బులో సర్ఫు నీళ్లు పోసి నానబెట్టి కాళ్లతో తొక్కడం, ఇద్దరం చెరో వైపు పట్టి పిండటం, అంతే. తాడు మీద వేలాడదీస్తే బరువుకి కుట్లు సాగుతాయి కాబట్టి డాబా పిట్టగోడ మీద పరుస్తాం. అక్టోబరు, నవంబరు తుఫానుల రోజుల్లో దాని జోలికే వెళ్లను.

మా అత్తయ్యకి మొదట్నుంచీ ఇది నచ్చదు. "వచ్చినవాళ్లకి పాత గుడ్డలు కప్పుతావేంటమ్మా?" అంటారు. అందుకే చుట్టాలకి కొన్న రజాయి ఒకటి విడిగా ఉంచాం. మధ్యాహ్నం కునుకుకి మాత్రం ఆవిడ లాక్కునేది ఈ బొంతనే.

ఇన్నేళ్లలో అంచు పట్టీ ఒకసారి పూర్తిగా మార్చాను. గడ్డం దగ్గర మురికి పట్టి అదే ముందు అరుగుతుంది. క్రాస్‌గా కోసిన పట్టీ వేస్తే మూలల దగ్గర సాఫీగా తిరుగుతుంది. డబుల్ కాట్‌కి కుడదామనుకునేవాళ్లు రెండు సింగిల్ బొంతలు కుట్టుకోండి. తడిసిన డబుల్ బొంతను డాబా మీదికి మోసుకెళ్లడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు.