మా నవోదయ బ్యాచ్ మళ్లీ కలిసిన చోట్లు: నెల్లూరు, ఆత్మకూరు, ఉదయగిరి, మైపాడు

హాస్టల్లో కలిసి పెరిగినవాళ్లు నడివయసులో మళ్లీ కలవాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది. చూసే చోట్లు, తినే చోట్లు ఆ తర్వాత. మేం నెల్లూరు జిల్లా కృష్ణాపురం నవోదయలో 1990లలో చదివిన వాళ్లం. ఈసారి కలిసినప్పుడు నెల్లూరులో హోటల్లో, ఆత్మకూరులో కల్యాణ మండపంలో, చివర్లో మైపాడులో సముద్రం ఒడ్డున ఉన్నాం. వీటిలో మాకు అన్నింటికన్నా నచ్చింది మండపం. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఇలాగే కలవాలనుకుంటున్న పాత విద్యార్థులు ఎవరికైనా పనికొస్తుంది.

నవోదయ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. 1986 జాతీయ విద్యా విధానంలో జిల్లాకో నవోదయ, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ స్కూలు, పెట్టాలన్నారు. ఆరో తరగతికి ఎంట్రన్స్ పరీక్ష. కనీసం 75 శాతం సీట్లు పల్లెటూళ్ల పిల్లలకే. మూడో వంతు ఆడపిల్లలకు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది వింజమూరు, కలిగిరి, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ల పిల్లలే. ఇంట్లో సొంత మంచం లేనివాళ్లకు అక్కడ మంచం దొరికింది, దాని పక్కనే వరసగా ఇంకా ఎన్నో మంచాలు. తిండి, బట్టలు, పుస్తకాలు, ఆఖరికి సబ్బు, తలనూనె కూడా స్కూలే ఇచ్చేది. పదకొండేళ్ల వయసులో ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చి, మొదటి వారమంతా దుప్పటి కప్పుకుని ఏడ్చినవాళ్లం. ఎవరు ఏడుస్తున్నారో పక్క మంచం వాడికి తెలిసేది. ఆ పక్క మంచం వాణ్ణి ఇన్నేళ్ల తర్వాత కలవడం అంటే, మిగతా స్నేహితులను కలిసినట్టు ఉండదు.

జనవరి నెల పెట్టుకోవడానికి కారణం వానలు. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాలు కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అందుకని డిసెంబరు వద్దనుకున్నాం. సంక్రాంతికి బస్సులు, రైళ్లు కిటకిటలాడతాయి. రిపబ్లిక్ డే దగ్గర పెట్టుకుంటే జెండా వందనానికి స్కూలుకు కూడా వెళ్లొచ్చు. ఆ ఆలోచన మా బ్యాచ్‌లో కావలిలో నర్సుగా పనిచేస్తున్న అమ్మాయిది. అది చాలా బాగా కుదిరింది.

హైదరాబాద్ వాళ్లు సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున్నే నెల్లూరులో దిగారు. పగలు రావాలనుకున్నవాళ్లకు వందే భారత్ ఉంది, 2023 నుంచి సికింద్రాబాద్, తిరుపతి మధ్య నడుస్తూ ఒంగోలు, నెల్లూరులో ఆగుతుంది. ఉత్తరాది నుంచి మా మైగ్రేషన్ మిత్రుడు గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాడు. అతని గురించి తర్వాత చెప్తాను.

మొదటి రాత్రి నెల్లూరులో స్టేషన్‌కు దగ్గరగా ఉన్న ఒక హోటల్లో దిగాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, లిఫ్టు పనిచేసింది. కుటుంబంతో వచ్చేవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. కానీ మాకు అన్నీ ఒకే అంతస్తులో ఇస్తామని ఫోన్లో చెప్పి, తీరా వచ్చాక మూడు అంతస్తుల్లో సర్దారు. రాత్రి భోజనాలయ్యాక అందరం ఒక గదిలో చేరితే, పదిన్నరకల్లా రిసెప్షన్ నుంచి మనిషి వచ్చి, ఒక గదిలో ఇంతమంది కూర్చోకూడదన్నాడు. పక్క గదుల వాళ్ల ఇబ్బంది అతనిది, అది న్యాయమే. అయినా మాట మధ్యలో లేచి ఎవరి గదికి వాళ్లు వెళ్లి తలుపేసుకోవడం చాలా వెలితిగా అనిపించింది. అప్పటికి సగంమందితో నేనింకా రెండు మాటలు కూడా మాట్లాడలేదు.

నెల్లూరులో మిగతాదంతా హాయిగా గడిచింది. పొద్దున కారందోశ, మధ్యాహ్నం చేపల పులుసు. పులుసు ఎక్కడ తినాలని అడిగితే మా నెల్లూరు మిత్రుడు పెద్ద హోటళ్లు వద్దని, ఇంట్లోనే మామిడికాయ వేసి వండించి తెచ్చాడు. సాయంత్రం పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడికి వెళ్లాం. గాలిగోపురం కింద నిలబడి అందరం ఫోటో దిగాం. తిరుగు ప్రయాణానికి మలైకాజాలు ఇక్కడే కొనుక్కోవడం మంచిది, మళ్లీ ఊళ్లోకి వచ్చే వీలుండదు.

మర్నాడు వ్యానులో ఆత్మకూరు బయల్దేరాం. ఈ వ్యాను మాట ఒకటి చెప్పాలి. ఏసీ అని బుక్ చేస్తే సంగం దాటకముందే ఏసీ ఆగిపోయింది. డ్రైవరు మంచివాడు, పాపం అతని చేతిలో ఏమీ లేదు. డబ్బు కొంత తగ్గించమని ఆ ట్రావెల్స్ వాళ్లతో రెండుసార్లు మాట్లాడాల్సి వచ్చింది. అడ్వాన్సు సగానికి మించి ముందే కట్టకండి. సంగంలో కొత్త బ్యారేజీ దగ్గర కాసేపు ఆగాం. 2022లో ప్రారంభించారు. మేం చదివేటప్పుడు సెలవులకు ఇంటికెళ్తూ బస్సు కిటికీలోంచి చూసిన పెన్న అంటే ఎక్కువగా ఇసకే. ఇప్పుడు నిండా నీళ్లు చూసి చాలాసేపు ఎవరూ వ్యాను ఎక్కలేదు.

ఆత్మకూరులో మాట్లాడుకున్నది చిన్న కల్యాణ మండపం. ముహూర్తాలు లేని రోజులు కాబట్టి తేలిగ్గా దొరికింది. కింద భోజనాల హాలు, పైన పెద్ద హాలు, అటూ ఇటూ పెళ్లికూతురి వాళ్లకు, పెళ్లికొడుకు వాళ్లకు విడిది గదులు. ఆడవాళ్లు ఒక వైపు విడిది తీసుకున్నారు. మగవాళ్లం హాల్లో వరసగా పరుపులు వేసుకున్నాం. పరుపులు, దిండ్లు, దుప్పట్లు టెంట్‌హౌస్ నుంచి అద్దెకు వచ్చాయి. వంటకు ఊళ్లోనే వంట మాస్టర్‌ను పెట్టుకున్నాం. అన్నీ కలిపినా నెల్లూరు హోటల్ ఖర్చులో సగం కాలేదు. బాత్‌రూములు సరిపోతాయా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, దోమలకు ఏం చేస్తారు, ఈ మూడూ ముందే వెళ్లి కళ్లారా చూసుకోవాలి. మావాళ్లిద్దరు వారం ముందే వెళ్లి చూసొచ్చారు కాబట్టి ఇబ్బంది పడలేదు. బాత్‌రూముల దగ్గర పొద్దున క్యూ కట్టాల్సి వచ్చింది. ఆ క్యూలో టవల్ భుజాన వేసుకుని నిలబడగానే అందరికీ ఐదున్నర పీటీ బెల్లు గుర్తొచ్చింది.

సాయంత్రానికి టీచర్లు వచ్చారు. రిటైరైన లెక్కల సారును ఆయన కొడుకు కారులో తీసుకొచ్చాడు. మెట్లు ఎక్కలేరని కిందే కుర్చీ వేశాం. ఒక్కొక్కళ్లను దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని, "ఏరా, నీది ఏ హౌసు?" అని అడిగారు. పేరు చెప్తే గుర్తురాని వాళ్లు కూడా హౌసు చెప్పగానే గుర్తొచ్చారు ఆయనకు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులు, అంటే పిల్లల జట్లు, మాకు. నేను ఉదయగిరి, పసుపు రంగు చొక్కా. మెస్‌లో మాకు వడ్డించిన అన్నను కూడా పిలిచాం. ఆయన వస్తూనే కుర్చీలో కూర్చోకుండా వంటింట్లోకి వెళ్లి గరిటె తీసుకున్నాడు. "ఈపూట నువ్వు కూర్చోవాల్సిందేనన్నా, మేం వడ్డిస్తాం" అని చేతిలోంచి గరిటె లాక్కోవాల్సి వచ్చింది. టీచర్లకు శాలువాలు కప్పేవాళ్లు చాలామంది ఉంటారు. మెస్ అన్నను, వాచ్‌మన్‌ను, మేట్రన్‌ను వెతికి పిలిస్తేనే ఆ కలయిక నిండుగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మా మైగ్రేషన్ మిత్రుడు. నవోదయల్లో తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లలను హిందీ రాష్ట్రాల నవోదయకు పంపి, అక్కడివాళ్లను ఇక్కడికి తెస్తారు. అలా మా డార్మిటరీకి వచ్చినవాడు. వచ్చిన కొత్తలో గోంగూర చూస్తే దణ్ణం పెట్టేవాడు. వెళ్లేటప్పటికి మాకంటే ఎక్కువ తినేవాడు. ఇన్నేళ్లకు ఆత్మకూరులో విస్తరి ముందు కూర్చుని, "అన్నం ఇంకొంచెం ఎయ్యి అన్నా, గోంగూర ఏడుండాది?" అని అచ్చం మా మెట్ట యాసలో అడిగాడు. హాలంతా ఘొల్లున నవ్వింది, వెంటనే చాలామందికి కళ్లు చెమర్చాయి. మా నుంచి అటు వెళ్లినవాళ్లు కూడా వచ్చారు. పద్నాలుగేళ్లకే భాష రాని చోట ఒక చలికాలం గడపడం ఎంత కష్టమో ఆ రాత్రే మొదటిసారి విప్పి చెప్పారు. రొట్టెలు తినలేక మజ్జిగన్నం కోసం ఎలా తపించారో, అక్కడి మాస్టారి భార్య ఒకావిడ వీళ్ల కోసం ఆదివారాలు అన్నం వండి పంపేదని చెప్పారు.

ఆడపిల్లల మాటలు వింటే ఇంకో స్కూలు కనిపించింది మాకు. చదువుకునే రోజుల్లో వాళ్ల హాస్టల్ గేటుకు చీకటి పడగానే తాళం పడేది. ఒకే తరగతిలో ఏళ్లపాటు కూర్చున్నా మేం వాళ్లతో మాట్లాడింది తక్కువ. ఇంట్లో పెళ్లి చేస్తామంటే పరీక్ష అయ్యేదాకా ఆగమని మేడమ్ తన ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడిందని ఒకామె చెప్పింది. ఇప్పుడామె హైస్కూల్లో టీచర్. ఆ మేడమ్ ఇప్పుడు లేరు. ఆమె ఫోటో ముందు దీపం పెట్టి, పక్కనే మా బ్యాచ్‌లో పోయినవాళ్ల పేర్లు కాగితం మీద రాసిపెట్టాం. తెల్లవారుజామున మూడింటికి కూడా హాల్లో మాటలు ఆగలేదు. ఎవరూ వచ్చి తలుపు కొట్టలేదు. మండపం మేలన్నది ఇందుకే.

జెండా పండగ రోజు స్కూలుకు వెళ్లాం. ప్రిన్సిపల్‌కు ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి, వచ్చేవాళ్ల పేర్ల జాబితా ఇవ్వండి. చిన్నపిల్లలుండే చోటు, గేటు దగ్గర రిజిస్టర్, ఐడీ కార్డు అడగడం సరైన పనే. పరేడ్ అయ్యాక పిల్లలతో మెస్‌లో కూర్చుని తిన్నాం. మిఠాయిలతో సరిపెట్టకుండా లైబ్రరీకి పుస్తకాలు, ఆటస్థలానికి వాలీబాల్ నెట్లు ఇచ్చాం. ఆరో తరగతి కుర్రాడు ఒకడు నా చెయ్యి పట్టుకుని, "సార్, మీకు ఎన్ని రోజులకు ఏడుపు ఆగింది?" అని అడిగాడు. వాడి పక్కన మెట్ల మీద కూర్చుని నిజమే చెప్పాను. దసరా సెలవులకు ఇంటికెళ్లి మళ్లీ వచ్చాక ఆగిందని.

ఉదయగిరి కొండ ఎక్కాలని హౌసు రోజుల నుంచి కోరిక. మర్నాడు కొంతమందిమే చీకటితో బయల్దేరాం. 3,079 అడుగుల ఎత్తు, మెట్లు, రాళ్ల దారి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎక్కొద్దు. నీళ్లు, తినుబండారాలు కిందనుంచే మోసుకెళ్లాలి. ఎండ ముదరకముందే దిగిపోవాలి. దారి పొడుగునా కోటగోడలు, మసీదులు, గుళ్ల శిథిలాలు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి హంపిలో గుడి కట్టించాడు. అంత చరిత్ర ఉన్న చోట దారి చూపే బోర్డులు, కూర్చోడానికి నీడ ఉంటే ఎంత బాగుండు అనిపించింది. ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్లడం అవసరం. దిగాక ఊళ్లో చెక్క స్పూన్లు, గరిటెలు కొన్నాం. వీటికి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేసేవాళ్ల ఇంటి దగ్గరే కొంటే పనితనం చూడొచ్చు, డబ్బు నేరుగా వాళ్లకే అందుతుంది. రాలేకపోయిన టీచర్లకు పోస్టులో పంపడానికి ఇవే తీసుకున్నాం.

చివర్లో మిగిలినవాళ్లం మైపాడు వెళ్లాం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. ఏపీ టూరిజం వాళ్ల రిసార్ట్ ఉంది, సముద్రం ఎదురుగా గదులు. ఇంట్లోవాళ్లను, పిల్లలను ఇక్కడికే రమ్మన్నాం. మొదటి రోజు నుంచే కుటుంబాలు వస్తే పాత మాటలు సాగవు, చివరి రోజు అయితే అందరికీ బాగుంటుంది. అలలు బలంగా ఉంటాయి, పిల్లలను లోతుకు పోనివ్వకండి.

వచ్చేసారి కనిగిరి వైపు కలుద్దామని ఒంగోలు వాళ్లు పట్టుబట్టారు. భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం. చూడాల్సిన చోటే. రాత్రికి మాత్రం కనిగిరిలో మండపం వెతుకుతున్నాం. ఉత్తరాది మిత్రుడికి తేదీ అప్పుడే చెప్పేశాం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి, దూరం నుంచి వచ్చేవాళ్లకు కనీసం మూడు నెలల ముందు తేదీ ఖాయం చేసి చెప్పండి.