అమ్ముకోలేని పొలం, పంచుకున్న పొలం: ఏది మేలు?

ఒక తల్లి. ఆమెకు ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. అర హెక్టారు మాగాణి, అంటే ఇంచుమించు ఎకరం పావు. ఒక పాత ఇల్లు. ఈ కుటుంబం జావా దీవి పల్లెలో ఉందనుకుంటే ఒక కథ, పశ్చిమ సుమత్రా కొండల్లో మినాంగ్‌కబావ్ అనే జాతివాళ్ల ఊళ్లో ఉందనుకుంటే పూర్తిగా ఇంకో కథ. రెండూ ఇండోనేషియాలోవే. రెండు చోట్లా ఎక్కువమంది ముస్లింలే, ఇద్దరూ పండించేది వరే. ఆస్తి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకరి పద్ధతికీ ఇంకొకరి పద్ధతికీ పొంతన లేదు.

జావా సంగతి మనకు తొందరగానే అర్థమవుతుంది. పొలం పిల్లలకు పంచేస్తారు, చాలాసార్లు తల్లిదండ్రులు బతికుండగానే. ఒక పద్ధతిలో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. దీని పేరు ‘సపికుల్ సగెందోంగ్’. మగవాడు కావడి వేసుకుని రెండు బరువులు మోస్తాడు, ఆడమనిషి గుడ్డతో ఒంటికి కట్టుకుని ఒకటే మోస్తుంది, అదీ దాని లెక్క. ఇంకో పద్ధతిలో అందరికీ సమానం. ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉన్న బిడ్డకు, తరచుగా కడగొట్టు బిడ్డకు, ఇల్లు దక్కుతుంది. భార్యాభర్తలు కాపురంలో కలిసి సంపాదించుకున్నది ‘గోనో గీని’. విడిపోతే అందులో ఇద్దరికీ వాటా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో జావా పల్లె మన పల్లెలకంటే చాలా ముందుంది.

ఊరి ఆఫీసులో ‘లెటర్ సి’ అని ఒక పాత రిజిస్టరు ఉంటుంది. ఎవరి పేరున ఎంత భూమి, ఏ తరగతి, ఎంత శిస్తు, ఎందుకు చేతులు మారింది, ఎప్పుడు మారింది, అన్నీ గళ్లలో చేత్తో రాసి ఉంటాయి. ఒక పేరు కొట్టేసి దాని పక్కన కొడుకు పేరో కూతురి పేరో రాస్తూ పోతారు. నిజానికి అది శిస్తు పుస్తకం, హక్కు పత్రం కాదు. అందుకే 2017 నుంచి ప్రభుత్వం ఊళ్లకు ఊళ్లే కొలిపించి సర్టిఫికెట్లు ఇస్తోంది. సర్టిఫికెట్ చేతికొస్తే బ్యాంకు అప్పు పుడుతుంది. కాగితం తాకట్టు పెట్టడాన్ని అక్కడ ‘బడికి పంపడం’ అంటారు. బడికి వెళ్లిన కాగితం ఇంటికి తిరిగొస్తే ఆ అప్పు విత్తనాలకో ట్రాక్టరుకో చిన్న కొట్టుకో పనికొచ్చినట్టు. రాకపోతే పొలం పోయినట్టే.

ఇక పంపకం లెక్క చూడండి. అర హెక్టారుని ముగ్గురికీ సమానంగా పంచితే తలా 41 సెంట్లు. వాళ్లకూ ముగ్గురేసి పిల్లలైతే తలా 14 సెంట్లు కూడా రాదు. ఆ మడిచెక్క మీద ఏ ఇల్లూ గడవదు. ఒకరు ఇంకొకరికి అమ్మేస్తారు, లేదా పక్క రైతుకు అమ్మేసి అదే మడిలో ‘మరో’కి, అంటే సగం పాలుకి, సాగు చేస్తారు. డబ్బు మరీ అవసరమైతే పైరు పచ్చగా ఉండగానే వ్యాపారికి అమ్ముకోవడమూ ఉంది. దాన్ని ‘ఇజోన్’ అంటారు, పచ్చదనం అనే మాట నుంచే ఆ పేరు వచ్చింది. అమ్మినవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. ఆస్తి ఒంటరి మనిషిది అయినప్పుడు కష్టమూ ఒంటరిగానే వస్తుంది.

మినాంగ్‌కబావ్ వాళ్లు ఊరిని ‘నగరి’ అంటారు. అక్కడ తాతముత్తాతల నాటి ఆస్తిని ‘పుసాకో తింగ్గి’ అంటారు. అది ఏ ఒక్కరిదీ కాదు, తల్లి వైపు వంశం మొత్తానిది. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి నడుస్తుంది. పంచరు, అమ్మరు. ఏ మడి ఏ అక్కచెల్లెలు సాగు చేసుకోవాలో మాత్రం నిర్ణయించుకుంటారు. వంశానికి పెద్ద దిక్కు తండ్రి కాదు, తల్లి అన్నదమ్ముడు. అతన్ని ‘మామక్’ అంటారు. మేనమామ మాట చెల్లే ఇళ్లలో పెరిగిన మనకు ఆ పిలుపు చెవికి దగ్గరగా తోస్తుంది.

పెద్దింటిని ‘రుమా గదాంగ్’ అంటారు, దాని కప్పు గేదె కొమ్ముల్లా రెండు కొసలా పైకి లేచి ఉంటుంది. లోపల వెనకవైపు వరసగా గదులు, అన్నీ ఆడపిల్లలవే. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి కొసగది ఇస్తారు. తర్వాతి చెల్లెలికి పెళ్లయితే అక్క పక్కగదికి జరుగుతుంది. అల్లుడే ఈ ఇంటికి వస్తాడు. మన భాషలో చెప్పాలంటే అక్కడ ప్రతి పెళ్లీ ఇల్లరికమే. మగపిల్లలకు ఆ ఇంట్లో గది ఉండదు. పూర్వం ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ‘సురావ్’ అనే ప్రార్థనాశాలలో పడుకునేవాళ్లు, తర్వాత ఊరు దాటి సంపాదనకు వెళ్లిపోయేవాళ్లు. పడాంగ్ అంటే పశ్చిమ సుమత్రా రాజధాని. ఇండోనేషియాలో ఏ పట్నానికి పోయినా కనిపించే పడాంగ్ భోజన హోటళ్ల వెనక ఉన్నది ఈ వలసే. ఇప్పుడు చాలా కుటుంబాలు విడిగా చిన్న ఇళ్లు కట్టుకున్నా పొలం పద్ధతి పోలేదు.

ఇస్లాం వారసత్వ నియమాలకు ఇది సరిపడదని అభ్యంతరం చెప్పింది బయటివాళ్లు కాదు. అదే గడ్డ మీద పుట్టి మక్కా పెద్ద మసీదులో ఇమాముగా ఉన్న అహ్మద్ ఖతీబ్ గట్టిగా వ్యతిరేకించారు. చివరికి 1952లో ఆ కొండల్లోని బుకిత్తింగ్గి పట్నంలో మతపెద్దలు, వంశపెద్దలు కూర్చుని ఒక రాజీకి వచ్చారు. పాత ఆస్తి ఆచారం ప్రకారం, సొంత సంపాదన షరియా ప్రకారం పిల్లలకు. తండ్రి హోటల్లో కష్టపడి కట్టిన ఇల్లు అతని పిల్లలదే, తాతమ్మ నాటి మడి మాత్రం కదలదు. నాకు ఇది చాలా తెలివైన ఒప్పందంగా అనిపిస్తుంది.

అలాగని ఇబ్బందులు లేవనను. డబ్బు అవసరమైతే అమ్మే దారి లేదు, స్వాధీన తాకట్టు ఒక్కటే దారి. దానికి కూడా ఆచారం నాలుగే కారణాలు ఒప్పుకుంటుంది. ఇంట్లో శవం లేచి అంత్యక్రియలకు డబ్బు లేకపోవడం, ఎదిగిన ఆడపిల్లకు పెళ్లి కాకపోవడం, పెద్దింటి కప్పు కారడం, వంశపు పరువు మళ్లీ నిలబెట్టాల్సి రావడం. వైద్యం, చదువు ఈ జాబితాలో సూటిగా లేవు. తాకట్టు పెట్టిన మడిలో పంట అప్పిచ్చినవాడు కోసుకుంటాడు, అసలు తిరిగిచ్చేదాకా. తాకట్టు ఏడేళ్లు దాటితే పైసా తీసుకోకుండా భూమి తిరిగివ్వాలని 1960 నాటి చట్టం చెబుతోంది. ఆ కొండల్లో మాత్రం అప్పు తీర్చకుండా మడి అడగడం నామోషీ అనుకుంటారు. అలా ఒక తరం పెట్టిన తాకట్టు తర్వాతి తరం మెడకు చుట్టుకుంటుంది. సర్టిఫికెట్ తీసుకుని బ్యాంకుకు పోదామన్నా వంశంలో అందరి ఒప్పుదలా కావాలి. ఇక మామక్ మంచివాడు కాకపోతే ఆడవాళ్ల ఆస్తి ఆడవాళ్లకు తెలియకుండానే చేయి దాటుతుంది.

ఇన్ని తెలిసీ నేను నగరి వైపే మొగ్గుతాను. మొదట చెప్పిన తల్లి చిన్న కూతురినే చూడండి. మొగుడు వదిలేసి వెళ్లాడు, ఇద్దరు పిల్లలు. జావాలో అయితే ఆమెకు తన 41 సెంట్లున్నాయి, అప్పటికి అమ్ముడుపోకుండా ఉంటే. గోనో గీనిలో వాటా వస్తుంది, అడిగి గెలుచుకుంటే. మినాంగ్‌కబావ్‌లో అయితే మొగుడే బట్టలు సర్దుకుని తన అక్క ఇంటికి వెళ్తాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి కదలక్కర్లేదు, పిల్లల బడి మారదు, మడి మారదు. ‘ఆడపిల్ల ఆడ పిల్లే’ అనే సామెత ఆ ఊళ్లో చెబితే ఎవరికీ అర్థం కాదు. మన దగ్గర 1985లోనే ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. అయినా పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో అన్నదమ్ములకు సంతకం పెట్టిచ్చే ఆడవాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. వాటా కాగితం మీద ఉండటం వేరు, కాళ్ల కింద నేల ఉండటం వేరు.

అవసరానికి పెట్టుబడి పుట్టాలంటే మాత్రం జావా పద్ధతే మేలు, అందులో సందేహం లేదు. అందుకే తిండి పండే మడీ, ఉండే ఇల్లూ వంశం పేరున సర్టిఫికెట్ చేయించి కదలకుండా ఉంచి, సంపాదించినది ఎవరిది వాళ్లకు వదలాలంటాను. మామక్ లెక్కలు ఏటా అక్కచెల్లెళ్ల ముందు పెట్టాలి. తాకట్టుకు నాలుగు కారణాల పక్కన వైద్యాన్ని కూడా చేర్చాలి.

ఆ తల్లి కొడుకు సంగతి ఒకటి మిగిలింది. అత్తవారింట్లో మగవాడు ‘మొద్దు మీద బూడిద’ అని అక్కడి సామెత, గాలి వీస్తే ఎగిరిపోతాడు. జీవితమంతా అక్కచెల్లెళ్ల మడి కాపలా కాసి, భార్య పోయాక అరవై ఏళ్లకు తిరిగొచ్చినవాడికి ఆ వరస గదుల్లో ఒక్కటీ తనది కాదు. ఆ ఊళ్లో నాకు మాట చెల్లితే మొదట అడిగేది అతనికి ఒక గది.