వైజాగ్‌లో క్యారవాన్ చేయించుకుని మంచులోకి బయల్దేరేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

మొన్న డిసెంబర్ చివరి వారంలో మా సొంత క్యారవాన్‌లో మనాలి దాటి సిస్సు దాకా వెళ్లొచ్చాం. వెళ్లొచ్చాం అనేకన్నా బతికొచ్చాం అనడం సబబు. బండి చేసిచ్చిన వర్క్‌షాప్ పేరు ఇక్కడ రాయడం లేదు, వ్యవహారం ఇంకా నడుస్తోంది. పేరుతో పెద్ద పని కూడా లేదు. బండి తయారుచేసినాయన నీళ్లు గడ్డకట్టే చలి జన్మలో చూడలేదు. నేనూ చూడలేదు. చూడనివాళ్లిద్దరం కూర్చుని ఏడున్నర లక్షలకు బేరం తెంపుకున్నాం. జరిగిందంతా అక్కడి నుంచే మొదలైంది.

వ్యాన్ నాదే, 2019 మోడల్ డీజిల్. లోపల మంచాలు, స్టవ్, సింకు, నీళ్ల ట్యాంకు, చిన్న బాత్రూం, బ్యాటరీ, సోలార్ అన్నీ ఆయన బిగించాలి. చలికాలంలో హిమాచల్ వెళ్తామని మొదటిరోజే చెప్పాను. ‘ఫుల్ ఇన్సులేషన్ సార్. కాశ్మీర్ వెళ్లినా బనీనుతో పడుకోవచ్చు’ అన్నాడు. కొటేషన్‌లో కూడా ‘ఫుల్ ఇన్సులేషన్, హీటర్’ అని ఆ రెండు ముక్కలే ఉన్నాయి. ఇన్సులేషన్ అంటే చలీ వేడీ లోపలికి రాకుండా గోడల్లో నింపే సరుకు. ఏ సరుకు, ఎంత మందం, ఏ రకం హీటర్ అని నేను అడగలేదు. అక్టోబర్‌లో డెలివరీ ఇచ్చాడు, ఋషికొండ దాకా ట్రయల్ వేశాం. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల ఏసీ వేస్తే పది నిమిషాల్లో చల్లబడింది. ‘చూశారా సార్, ఇన్సులేషన్ అంటే ఇదీ!’ అన్నాడు. నేనూ తలూపాను. 18 డిగ్రీలకే మంకీ క్యాప్ తీసే ఊరు మనది. ఏసీ చల్లదనం చూసి మంచుకు సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాం.

నేను, మా ఆవిడ, పాప, నాన్నగారు, బావమరిది, మొత్తం ఐదుగురం. సాలూరు ఘాట్ ఎక్కి మొదటి రాత్రి కోరాపుట్ దగ్గర ఆగాం. అక్కడేమీ మంచు పడదు, ఓ మాదిరి చలి అంతే. పొద్దున్న లేచేసరికి మా ఆవిడ దుప్పటి అంచు తడిసి ఉంది. ‘ఏవండీ, పైన ట్యాంకు గానీ కారుతోందా?’ అంది. ట్యాంకు కాదు. మా ఐదుగురి ఊపిరిలోని ఆవిరే రాత్రంతా చల్లటి రేకుకు తగిలి నీళ్లై కారింది. ఇన్సులేషన్ సరిగ్గా ఉన్న బండిలో అంత తడి చేరదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం గుడ్డతో తుడిచేసి, టీ తాగి, జగదల్‌పూర్ వైపు బండి తిప్పాం.

మనాలి దాకా బాగానే గడిచింది, ఎందుకంటే దారిలో ఎక్కువగా హోటళ్లలోనే పడుకున్నాం. మనాలి నుంచి అటల్ టన్నెల్‌లో దూరి 9.02 కిలోమీటర్లు వెళ్లి అవతల తేలితే లాహౌల్. అక్కడే సిస్సు, ఎత్తు పది వేల అడుగుల పైమాటే. ఆకాశం నిర్మలంగా ఉంది, రోడ్డు తెరిచే ఉంది. పాప మంచుతో ఆడుకుంటుంటే నాన్నగారు కూడా కేరింతలు కొట్టారు. సాయంత్రం ఐదున్నరకు కొండ వెనక్కి సూర్యుడు దిగాడు. అంతే, ఎవరో స్విచ్ కట్టేసినట్టయింది. రాత్రి పదింటికి ఫోన్‌లో మైనస్ 11 చూపిస్తోంది.

హీటర్ వేశాను. ఇన్వర్టర్ కుయ్‌మని మొత్తుకుని ఆగిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ అంతే. టార్చ్ వేసి లేబుల్ చదివితే అది ఇళ్లలో వాడే మామూలు బ్లోయర్, 2,000 వాట్లు. మా ఇన్వర్టర్ 1,500 వాట్లది. పోనీ పెద్ద ఇన్వర్టర్ ఉన్నా ఏం లాభం? మా బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియర్ అవర్స్. అంటే దాదాపు రెండున్నర యూనిట్లు. ఆ హీటర్ గంట సేపు తిరిగితే బ్యాటరీ ఖాళీ. ఎక్కడైనా కరెంటు ప్లగ్గు దొరికితే తప్ప పనికిరాని వస్తువును కొండల్లో చలికని అంటగట్టాడు. చల్లటి చోట్ల వాడేది డీజిల్ ఎయిర్ హీటర్. అది బండి ట్యాంకులోంచే కాస్త కాస్త డీజిల్ తీసుకుంటుంది, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది, వేడిగాలి మాత్రమే లోపలికొస్తుంది. బ్యాటరీ మీద భారం చాలా తక్కువ. ఆ పేరే నేను అంతకుముందు వినలేదు.

ఇంతలో మా బావమరిది ‘బావా, ఇటు చూడు’ అని గోడ మీద టార్చ్ వేశాడు. ప్లైవుడ్ మీద వరసగా ఉన్న స్క్రూలు, ఒక్కో స్క్రూ తల మీద ఆవగింజంత తెల్లటి మంచు. ముత్యాలు కుట్టినట్టు పైనుంచి కింద దాకా. స్క్రూ లోపల ఇనుప రిబ్బుకు, అంటే రేకును మోసే పట్టీకి తగులుతుంది, రిబ్బు బయటి రేకుకు తగులుతుంది. చలి ఆ ఇనుము పట్టుకుని తిన్నగా మా దిండ్ల దాకా వచ్చేసింది. చేత్తో ఒకటి చిదిపితే వేలికి చురుక్కుమంది. నాన్నగారి కట్టుడు పళ్ల గిన్నెలో నీళ్లు పైన పెంకు కట్టాయి. ఆయన గిన్నె ఎత్తి చూసి ‘ఒరే, నా పళ్లు ఫ్రిజ్‌లో పెట్టారేంట్రా’ అన్నారు. ఆ రాత్రి మేం నవ్వింది అదొక్కసారే.

స్టవ్ వెలిగించి వదిలేద్దామా అన్నాను. మా ఆవిడ ససేమిరా వద్దంది, ఆమె వల్లే ఇవాళ ఇది రాస్తున్నాను. తలుపులు మూసిన బండిలో స్టవ్ వదిలేసినా, కుంపటి పెట్టుకున్నా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే మనిషి పోతాడు. ఎంత చలైనా ఆ పని మాత్రం చేయకండి. రాత్రి ఒంటిగంటన్నరకు దగ్గర్లో ఉన్న హోమ్‌స్టే తలుపు కొట్టాం. ఆ ఇంటి పెద్దావిడ ఒక్క మాట అనకుండా మమ్మల్ని తందూర్ పొయ్యి ఉన్న గదిలో కూర్చోబెట్టి, కట్టెలు ఎగదోసి టీ పెట్టింది.

తెల్లారి అసలు లెక్కలు బయటపడ్డాయి. గ్యాస్ వెలగలేదు. సిలిండర్ బరువుగానే ఉంది, మంట మాత్రం రాదు. మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన సరుకు. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది గానీ బ్యూటేన్ సున్నా దగ్గరికి రాగానే ద్రవంగానే కూర్చుంటుంది. మా సిలిండర్ పెట్టె బండి వెనక, బయటి గాలికి. నీళ్ల పైపులు కూడా అలాగే ఛాసిస్ కింద ఏ కవచం లేకుండా వేలాడుతున్నాయి. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి పైపు పగిలి తీరుతుంది. పగిలినట్టు అప్పుడు తెలియదు, లోపల ఐసు బిరడాలా ఉంటుంది. మర్నాడు కులూ వైపు దిగాక ఐసు కరిగి, పైపు బండి లోపలికొచ్చే చోట నీళ్లు కారి, మంచం కింద దాచిన బట్టలన్నీ మునిగాయి. పంపు కూడా పోయింది.

బండి స్టార్ట్ కాలేదు. ఈ ఒక్కదానికీ వర్క్‌షాప్‌ని అనను, తప్పు నాదే. మన దేశపు ప్రమాణం ప్రకారం మామూలు డీజిల్ పోర్ పాయింట్, అంటే అది పారడం మానేసే ఉష్ణోగ్రత, ఎండాకాలంలో 15, చలికాలంలో 3 డిగ్రీలు దాటకూడదు. మైనస్‌లో కూడా పారాలని అందులో ఎక్కడా లేదు. ఫిల్టర్‌లో మైనంలా పేరుకుపోతుంది. అందుకే 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ లడఖ్, కార్గిల్, కాజా, కేలాంగ్ లాంటి చోట్ల కోసం మైనస్ 33 దాకా తట్టుకునే వింటర్ డీజిల్ తెచ్చింది. నేను పంజాబ్‌లో ట్యాంకు నిండా కొట్టించుకుని ‘ఇక బెంగ లేదు’ అనుకున్నవాణ్ణి. ఎండ తగిలి, ఫిల్టర్ మీద వేడినీళ్ల గుడ్డలు కప్పాక పదకొండింటికి ఇంజన్ దగ్గింది. కొందరు ట్యాంకు కింద మంట కూడా పెడతారట. ఆ ధైర్యం నాకు లేదు, మీకూ వద్దు.

కులూలో ఒక మెకానిక్ పక్క ప్యానెల్ విప్పాడు. పైకప్పులో థర్మోకోల్ ఉంది. పక్క గోడల్లో కిటికీ కింద వరకు థర్మోకోల్ ముక్కలు, అవీ మధ్యమధ్యలో. చక్రాల పైన, వెనక తలుపుల్లో ఏమీ లేదు, ఉత్త రేకు. ఫుల్ ఇన్సులేషన్ అని రాసిచ్చిన బండి ఇది! మెకానిక్ ఏమీ అనలేదు, ఫోటో తీసుకో అన్నట్టు పక్కకు జరిగాడు.

బ్యాటరీ సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతుంది. మంచి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) అయితే చలికి ఛార్జింగ్ తనే ఆపేస్తుంది. మా దాంట్లో ఆ ఏర్పాటు లేదు. సిస్సులో పొద్దున్నే సోలార్ ప్యానెల్ చక్కగా ఛార్జ్ చేసేసింది, మేం సంతోషించాం కూడా. ఇప్పుడు ఆ బ్యాటరీ మునుపటిలో సగం సేపు కూడా నిలబడటం లేదు.

మీరు బండి చేయించుకుంటుంటే గోడలకు ప్లైవుడ్ కొట్టకముందే వెళ్లి చూడండి, ఫోటోలు తీసుకోండి. కొట్టాక ఎవడికీ ఏమీ కనపడదు. సరుకు పేరు, మందం, హీటర్ మోడల్, బీఎంఎస్‌లో లో-టెంపరేచర్ కటాఫ్ ఉందో లేదో కొటేషన్‌లోనే రాయించుకోండి. నీళ్ల ట్యాంకు, పైపులు లోపలే ఉండాలని పట్టుబట్టండి. వీటన్నిటికన్నా ముఖ్యం, ఆఖరి వాయిదా డబ్బు కట్టేముందు డిసెంబర్‌లోనో జనవరిలోనో లంబసింగిలో ఒక రాత్రి పడుకోండి. నర్సీపట్నం మీదుగా మనకు వంద కిలోమీటర్లు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని. అక్కడ కొన్ని రాత్రులు సున్నా దరిదాపులకు దిగుతుంది. సిస్సుతో పోలిక లేకపోయినా నా బండి అక్కడే దొరికిపోయేది, నాలుగైదు వేల ఖర్చుతో.

ఇంకోటి, ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండి రూపం మార్చకూడదు. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం వేరే ఉంది. ‘అదంతా మేం చూసుకుంటాం సార్’ అంటే నమ్మకండి, కాగితం చేతికొచ్చాకే బండి తీసుకోండి. ఆర్‌సీలో లేని మార్పులున్న బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

తిరిగొచ్చి వర్క్‌షాప్‌కి వెళ్తే ఆయన మాట మారింది. ‘మన వైజాగ్ వెదర్‌కి చేశాం సార్, మంచులోకి ఎవరు తీసుకెళ్లమన్నారు?’ అన్నాడు. అదృష్టం కొద్దీ హిమాచల్ ప్రస్తావన ఉన్న వాట్సాప్ మెసేజ్‌లు నా దగ్గరున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, లాయర్ నోటీసు వెళ్లింది. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్లు. మనం కట్టిన సొమ్ము 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలే, 5 లక్షల లోపైతే అదీ లేదు.

ప్రస్తుతానికి బండి మా ఇంటి ముందే ఉంది. కులూలో విప్పిన ప్యానెల్ కమిషన్‌కు చూపించాలని ఇంకా బిగించలేదు. మధ్యాహ్నం పూట నాన్నగారు ఇంటి నుంచి వైరు లాగి, అందులో ఏసీ వేసుకుని పేపర్ చదువుకుంటున్నారు. పది నిమిషాల్లో చల్లబడిపోతుందట.