దిండి హౌస్‌బోటు: గాలం వేసేవారికి దారి ఇచ్చిన సరంగు

కోనసీమలోని దిండి వద్ద వశిష్ఠ గోదావరిపై హౌస్‌బోటు ఎక్కేవారు గదులు, భోజనం గురించే ఎక్కువగా అడుగుతారు. అవి రెండూ బాగానే ఉన్నాయి. నేను మనసారా మెచ్చుకోదలచింది మాత్రం మా సరంగు బోటు నడిపిన తీరును. చించినాడ వంతెన వైపు సాగుతుండగా, నాటుపడవలో గాలం వేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన కనిపించగానే, సరంగు చాలా దూరం నుంచే ఇంజను వేగం తగ్గించి, "బాబాయ్, తాడు ఎటేశావ్?" అని కేకవేసి అడిగి, ఆయన చెయ్యి చూపిన వైపును వదిలి, పడవ వెనుకగా నెమ్మదిగా దాటించారు. ఇది చిన్న విషయం కాదు. పెద్ద బోటు లేపే అలకు నాటుపడవ ఒరిగిపోవచ్చు, గాలపు తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఇద్దరికీ నష్టమే, వలకు కట్టి నీటిపై తేలే బెండ్లను గమనించకపోతే వల తెగి ఒక కుటుంబం ఆ పూట సంపాదన కోల్పోతుంది. పులస కోసం వలలు వేసే వరదనీటి రోజుల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. అదే సాయంత్రం మరో బోటు పాటల హోరుతో, వేగం ఏమాత్రం తగ్గించకుండా వలల పక్కనుంచి దూసుకుపోవడం బాధ కలిగించింది. గాలం వేసేవారు కూడా బోట్లు మలుపు తిరిగే రేవు ముందు తాళ్లు వేయకుండా ఉంటే సరంగుల పని సులువవుతుంది. బోటు మాట్లాడుకునేటప్పుడే, చేపల పడవల దగ్గర వేగం, పాటలు తగ్గించాలని యాత్రికులు స్పష్టంగా కోరడం మంచిది.