నాలుగేళ్ళు వాడిన లినో ముద్రణ సెట్: నా గొడవంతా సిరాతోనే

ఎన్ని ఉలులు వస్తాయి, రోలర్ వెడల్పు ఎంత లాంటివన్నీ పెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. లినో అనే పలక మీద ఉలితో చెక్కి, రోలర్‌తో సిరా పూసి, కాగితం మీదో గుడ్డ మీదో అచ్చు వేసే సెట్ ఇది. నేను చెప్పాలనుకున్నది దాంతో పాటు ఇచ్చే నీటి సిరా గురించి. నాలుగేళ్ళయినా ఆ రోజు గుర్తొస్తే కోపం తగ్గలేదు.

మా వీధి వెడల్పు చేయడానికి చెట్లు కొట్టేస్తామన్నప్పుడు కొన్నాను దీన్ని. చెట్ల కోసం నడిచేవాళ్ళం ప్లాస్టిక్ ఫ్లెక్సీ పట్టుకుని నడవడం ఎవరికీ మనసొప్పలేదు, అందుకని పాత దుప్పట్లు చింపి వాటి మీద మేమే అచ్చు వేద్దామనుకున్నాం. 1937లో మెక్సికోలో లియోపోల్డో మెండెజ్ అనే చిత్రకారుడు, ఆయన మిత్రులు పెట్టిన ముద్రణశాల గురించి అంతకుముందు చదివాను, వాళ్ళు లినో పలకల మీద చెక్కి జనం కోసం పోస్టర్లు వేసేవారు. పెద్ద యంత్రం అక్కర్లేదు, చెక్క గరిటె వెనక వైపుతో రుద్దినా అచ్చు పడుతుంది.

"చెట్టుకు ఓటు లేదు, మనకుంది" అని చెక్కాను. అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి కదా, పైగా మన అక్షరాలన్నీ గుండ్రాలు, ఉలిని కాదు పలకను తిప్పుతూ చెక్కాలని తెలిసేసరికి రెండు పలకలు పోయాయి. మొదటి అచ్చు పడ్డాక మాత్రం అందరం దాని చుట్టూ చేరిపోయాం. సిరా గురించి ఆ రోజు నేనే తెగ పొగిడాను: సబ్బు కూడా అక్కర్లేదు, కుళాయి కింద పెడితే చాలు చేతులు శుభ్రం అని.

ప్రదర్శన రోజు బయల్దేరిన అరగంటకు వాన. పెద్ద వానేం కాదు, గొడుగు తెరవాలా వద్దా అని ఆలోచించేంత. ముందు వత్తులు కరిగాయి, తర్వాత అక్షరాల గుడులు, కొమ్ములు, కాసేపటికి దుప్పటి మొత్తం నల్లటి చారలు, పట్టుకున్నవాళ్ళ మోచేతుల దాకా సిరా కారింది. మూడు రాత్రులు కూర్చుని వేసిన నలభై గుడ్డలు. మాతో వచ్చిన ఒక పిల్లాడు "అక్కా, ఇప్పుడు ఇందులో ఏం రాసుందని చెప్పాలి?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. పక్కనున్న పెద్దావిడ ఆ నినాదం గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది, మిగతా దారంతా అలాగే నడిచాం.

ఈ సిరా ఆరడమంటే అందులోని నీరు ఆవిరైపోవడమే, మళ్ళీ తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. కుళాయి కింద చేతులు సులువుగా శుభ్రమైంది కూడా అందుకే. ఈ ముక్క పెట్టె మీద ఎక్కడా రాసి లేదు.

తర్వాత అవిసె నూనెతో చేసిన సిరాకు మారాను, తడిగా ఉన్నంతసేపూ సబ్బుతో కడుక్కోగల రకం. ఇది ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడితే ఇక వాన ఏమీ చేయలేదు. ఈ సిరాతో అప్పుడు వేసిన గుడ్డలు ఇప్పటికీ ఉన్నాయి, ఎన్నిసార్లు తడిశాయో లెక్క లేదు. కానీ గుడ్డ మీద ఆరడానికి నాలుగైదు రోజులు, చలికాలంలో వారం దాటింది కూడా. రేపు ఉదయం ధర్నా అంటే దీనితో పని జరగదు. ఆ నూనె గుడ్డపేలికలు ఉండచుట్టి మూల పడేయకండి, ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదముంది. విడివిడిగా పరిచి ఆరేయాలి.

ఇంకో సంగతి. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ నేల మీద పరవడానికి తయారుచేసిన లినోలియమే ఈ లినో, అందులో ఉన్నదీ అవిసె నూనే, దానికి కార్క్ పొడి కలిపి వెనక జనపనార గుడ్డ వేస్తారు. అంటే పలక కూడా ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతూనే ఉంటుంది. రెండో ఏడాది ఉలి జారి ఎడమ బొటనవేలు తెగాక గానీ నాకిది తెలియలేదు, ఉలికి ఎదురుగా చెయ్యి పెట్టడం నా తప్పే అనుకోండి. ఇప్పుడు చెక్కే ముందు పలకను పావుగంట ఎండలో పెడతాను. ఎంత మెత్తబడుతుందంటే, ఉలి కింద సన్నటి రిబ్బన్లలా లేస్తుంది, ఆ పని చేస్తుంటే టైం తెలియదు. మెత్తగా ఉంటాయని అమ్మే పలకల్లో కొన్ని ప్లాస్టిక్‌వి, వెనక జనపనార పోగులు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.

కొనమంటానా? మేం పదిహేను మందిమి, పాత దుప్పట్లు పోగయి ఉన్నాయి, గుడ్డలు వారం ఆరేసుకోవడానికి నాకు వరండా ఉంది. చెట్లు సగమే మిగిలాయి కానీ, అచ్చు వేస్తూ కూర్చున్న ఆ రాత్రుల్లోనే, పక్కింట్లో ఉంటూ పదేళ్ళుగా పలకరించుకోని వాళ్ళం రోడ్డు ప్లాన్ కాగితాలు కలిసి చదివాం. ఇవేవీ లేకుండా ఒక్కరే, తొందరలో వేయాలంటే కుంచె, రంగు నయం. కొంటే మాత్రం ఆ నీటి సిరా ట్యూబులు పిల్లలకిచ్చేయండి, కాగితాల మీద బొమ్మలకి బాగుంటాయి.