షేకర్ కొంటున్నారా, ముందు మూత సంగతి చూడండి

మా ఇంట్లో ఇప్పటికి మూడు కాక్‌టెయిల్ షేకర్లున్నాయి, అంటే మందు, రసం, ఐసు వేసి మూతబెట్టి ఊపి కలిపే గ్లాసులు. నల్లగొండలో ఒక మామూలు ఉద్యోగి ఇంట్లో మూడు ఎందుకయ్యా అంటే, మొదటి రెండూ ఫోన్‌లో ఫోటో చూసి కొన్నాను, మూడోది చేతిలో పట్టుకుని చూసి కొన్నాను. మూడోదే వాడుతున్నాను. మిగతా రెండు అల్మారాలో పైఅరలో ఉన్నాయి, మా ఆవిడ వాటిని చూసినప్పుడల్లా ధర అడుగుతుంది, నేను తక్కువ చేసి చెప్తాను.

మొదటిది కాబ్లర్ రకం. అంటే మూడు ముక్కలుగా ఉండేది: కింద గ్లాసు, దాని మీద చిల్లుల జాలి, ఆ జాలి మీద చిన్న టోపీలాంటి మూత. సినిమాల్లో చూపించేది ఎక్కువగా ఇదే, చూడ్డానికి చాలా బాగుంటుంది. 1884లో బ్రూక్లిన్‌కు చెందిన ఎడ్వర్డ్ హాక్ అనే ఆయన ఈ మూడు ముక్కల షేకర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. నూట నలభై ఏళ్లు దాటినా ఆ పైమూత బాధ మాత్రం తీరలేదు, కనీసం నేను 650 పెట్టి కొన్నదానికి తీరలేదు.

దసరాకు మిర్యాలగూడ నుంచి మా బావమరిది వచ్చాడు. బార్‌లో తాగే విస్కీ సోర్ ఇంట్లోనే చేసి పెడతానని అప్పటికి వారం నుంచీ గొప్పలు పోతున్నాను. విస్కీ 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 25, చక్కెర పాకం 20, పైన ఐసు, మూత బిగించి పదిహేను సెకన్లు గట్టిగా ఊపాను. చేయి జివ్వుమంది, షేకర్ బయట మంచు పట్టింది, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. మూత మాత్రం రాలేదు. బట్ట పెట్టి తిప్పాను, రాలేదు. బావమరిది తీసుకుని తిప్పాడు, రాలేదు. "ఏంది బావా, ఇగ పొద్దుగాల్దాకా దీన్ని సూసుకుంట కూసోవాల్నా" అన్నాడు. చివరికి మూత మీద వేడినీళ్లు పోస్తే వచ్చింది, కానీ అప్పటికి లోపల ఐసు సగం కరిగిపోయి, తాగితే నిమ్మకాయ నీళ్లలో విస్కీ సీసా కడిగినట్టుంది. అతను మర్యాదకు తాగాడు. రెండో గ్లాసు అడగలేదు.

తప్పు మొత్తం ఆ కంపెనీదే అనుకున్నాను గానీ, తర్వాత అర్థమైంది, ఆ రకానికే ఆ గుణం కొంచెం ఉంటుంది. ఐసుతో ఊపినప్పుడు లోపలి గాలి చల్లబడుతుంది, చల్లబడితే దాని ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు బయటి గాలి మూతను లోపలికి నొక్కిపెడుతుంది. దానికి తోడు లోహం కూడా చల్లదనానికి కాస్త ముడుచుకుంటుంది. మంచి తయారీలో ఆ అంచులు సరిగ్గా కోసి ఉంటాయి కాబట్టి చిన్నగా తిప్పితే వచ్చేస్తుంది. చవకరకంలో అంచు గుండ్రంగానే ఉండదు, ఒకచోట పట్టేస్తుంది, ఇంకోచోట కారుతుంది. నాదానికి రెండూ జరిగాయి: మూత రాలేదు, చొక్కా మీద మాత్రం నిమ్మరసం పడింది.

ఇంకో బాధ జాలిది. మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో నాకొక దోస్తు ఉన్నాడు, సీతాఫలాలు వచ్చే రోజుల్లో వాళ్లింటికి వెళ్తే గంపెడు ముందు పెడతాడు. బాలానగర్ సీతాఫలం పుట్టిందే వాళ్ల వైపు కదా, పాలమూరోళ్లకు దాని మీద గర్వం ఎక్కువే. గింజలు తీసేసిన గుజ్జు, చల్లటి పాలు, కొంచెం డార్క్ రమ్ము కలిపి ఊపి చూద్దాం అన్నాడు. ఆలోచన బ్రహ్మాండం. కానీ నా కాబ్లర్‌లో పోసి వంచితే నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది, చిల్లులన్నీ గుజ్జుతో మూసుకుపోయాయి. జాలి ఊడదీసి చెంచాతో గీకి గ్లాసుల్లో వేసుకున్నాం. రుచికి వంక పెట్టలేం, సీతాఫలం రబ్డీలో రమ్ము పోసినట్టుంది, తాగామా తిన్నామా అనేది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

రెండోది బోస్టన్ రకం, గాజు గ్లాసు ప్లస్ స్టీలు గ్లాసు. ఇందులో జాలీ లేదు, టోపీ లేదు, రెండు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి బిగించి ఊపడమే. బిగిసినంత తేలిగ్గా ఊడుతుంది, కాబ్లర్ మీద అదే దీని గెలుపు. లోపల ఏం పోస్తున్నామో గాజులోంచి కనిపిస్తుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదీ మంచిదే. కానీ గాజు బరువు, తడి చేతిలో జారుతుంది, ఇంట్లో పిల్లలుంటే అసలు వద్దంటాను. నాది మూడో నెలలో సింకులో పగిలింది. ఐసు తీసేసిన వెంటనే వేడినీళ్ల కింద పెట్టాను, టక్కుమని నిలువునా చీలిక. అది పూర్తిగా నా తెలివితక్కువే, ఎవర్నీ అనడానికి లేదు. కాబట్టి మూడు షేకర్లు అన్నాను గానీ, లెక్కకు రెండున్నర.

ఇక మూడోది, అసలు చెప్పాలనుకున్నది. ఇది కూడా బోస్టనే, కానీ రెండూ స్టీలు గ్లాసులే. పెద్దది 28 ఔన్సులు, అంటే 830 మిల్లీలీటర్ల దాకా. చిన్నది 18 ఔన్సులు, 530 వరకు. బార్లలో పనిచేసేవాళ్లు ఎక్కువగా వాడేది ఇదేనట అని విని, ఈసారి ఆన్‌లైన్ జోలికి పోకుండా హైదరాబాద్ వెళ్లినప్పుడు హోటల్ సామాన్లు అమ్మే షాపులో కొన్నాను. నిజానికి ముందు ఇక్కడే స్టీలు సామాన్ల షాపులో అడిగాను, ఆయన ప్రొటీన్ పౌడర్ కలుపుకునే ప్లాస్టిక్ డబ్బా తీసి చూపించాడు. నేను కాదని వివరంగా చెప్తే, అంతా విని, "రెండు లస్సీ గ్లాసులు తీస్కపోరాదు సార్" అన్నాడు. నవ్వుకున్నాను గానీ, ఆలోచిస్తే ఆయన మాటలో తప్పేం లేదు. బోస్టన్ షేకర్ అంటే సైజులు కుదిరిన రెండు లస్సీ గ్లాసులే. ఆ కుదరడానికే మనం డబ్బులిచ్చేది.

షాపులో నేనేం చూశానంటే, ముందు బరువు. చిన్న గ్లాసు అడుగు బరువుగా ఉండాలి, కొన్నిటికి అడుగున ఇంకో రేకు వేసి బరువు పెడతారు, అలాంటిది ఊపేటప్పుడు చేతిలో నిలుస్తుంది. తర్వాత అంచు. వేలుతో చుట్టూ తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు, సొట్ట అసలే ఉండకూడదు. ఆ తర్వాత నీళ్ల పరీక్ష, దీనికి మొహమాటపడితే నష్టపోతారు. షాపాయన్ని అడిగి చిన్నదాంట్లో సగం చల్లటి నీళ్లు పోయించుకుని, పెద్దది బోర్లించి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, తిరగేసి పది సెకన్లు ఊపాను. చుక్క కారలేదు. నిటారుగా కాకుండా కాస్త వాలుగా బిగించాలి, ఒక పక్క రెండు గ్లాసుల గోడలూ కలిసిపోయినట్టుండి, అవతలి పక్క సందు కనిపిస్తుంది. తీసేటప్పుడు ఆ సందు మొదలయ్యే చోట మణికట్టు దగ్గరి మెత్తతో ఒక దెబ్బ, ఊడి వచ్చేస్తుంది. మొదటి రోజు నాలుగు దెబ్బలు పట్టింది, పైనుంచి మా ఆవిడ "వడ్లు దంచుతున్నరా" అని అడిగింది. రెండో వారానికి ఒక్క దెబ్బకే అలవాటైంది.

స్టీలు రకం గురించి అమ్మేవాళ్లు చాలా చెప్తారు. 304 అని ముద్ర ఉంటే మంచిది, అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, నిమ్మరసానికి తట్టుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు, అసలైన 304" అంటే నమ్మకండి, చవకైన 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. గట్టిగా అంటుకుంటే మాత్రం అది వేరే రకం అని తెలుసుకోవచ్చు, అంతవరకే ఆ పరీక్ష. రాగి రంగువి, బంగారు రంగువి ఫోటోలకు బాగుంటాయి, పైపూత ఎన్నాళ్లుంటుందో చూసుకోవాలి. అల్యూమినియం అయితే వద్దే వద్దు, పులుపు పడితే లోహం వాసన వస్తుంది, మనం సత్తు గిన్నెలో చింతపులుసు ఎందుకు పెట్టమో అదే కారణం.

బోస్టన్‌లో జాలి ఉండదని చెప్పాను కదా, దానికి విడిగా స్ప్రింగు చుట్టిన జల్లెడ అమ్ముతారు, హాథార్న్ స్ట్రెయినర్ అంటారు. సెట్టుగా కొంటే అందులోనే వస్తుంది. ఇంకా కొనని రోజుల్లో నేను రెండు గ్లాసుల మధ్య సన్నటి సందు వదిలి, కింద టీ వడపోసే జాలి పట్టుకుని వంపేవాణ్ని, పని నడిచింది. సెట్లలో ఇచ్చే పది రకాల సామాను, చెక్క స్టాండు, మెలికల చెంచా, వీటి కోసం రెండు వేలు ఎక్కువ పెట్టకండి. 30, 60 మిల్లీలీటర్ల కొలతలున్న జిగ్గర్, అంటే మందు కొలిచే చిన్న గిన్నె, ఒక్కటి మాత్రం తీసుకోండి. మనవాళ్లు మూతతో కొలిచే పెగ్గు ఒకోసారి 40, ఒకోసారి 70, నిమ్మరసం పడే డ్రింకులో ఆ తేడా వెంటనే నాలుకకు తెలుస్తుంది.

ఐసు గురించి ఎవరూ చెప్పరు గానీ, నాకైతే షేకర్ కన్నా దీంతోనే ఎక్కువ తిప్పలు. మన ఫ్రిజ్ ట్రేలో వచ్చేవి చిన్న ముక్కలు, అవీ సరిగ్గా గడ్డకట్టకముందే తీస్తాం. ఎండాకాలం నల్లగొండలో మధ్యాహ్నం ఐసు బయట పెట్టి నిమ్మకాయ కోసేలోపు తడి తేలుతుంది. ఒకసారి కొలిచి చూశాను, 105 మిల్లీలీటర్లు పోసి ఊపితే 160 దాకా వచ్చింది, అంటే 50కి పైగా నీళ్లే. కొంత నీళ్లు కలవాల్సిందే, లేకపోతే ఘాటు దిగదు, కానీ తడి ఐసుతో అది మరీ ఎక్కువవుతుంది. ఇప్పుడు ముందురోజు రాత్రే పెద్ద అచ్చుల్లో పెట్టి, షేకర్ గ్లాసులు కూడా పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెడుతున్నాను. ఐసుకు బోరు నీళ్లు వాడకండి. మా జిల్లా నీళ్ల సంగతి దేశమంతా తెలిసిందే, ఫ్లోరైడ్‌కి తోడు ఉప్పదనం కూడా, డ్రింకు రుచి మారడమే కాదు, షేకర్ కడిగి ఆరబెడితే తెల్లటి మచ్చలు పడతాయి. ఆ మచ్చలకు పిండేసిన నిమ్మ తొక్కతో రుద్దితే చాలు, పీచు పెట్టి గీకకండి.

నిమ్మకాయలకు మాకు కొదవ లేదు, నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్టే ఉంది, బత్తాయి తోటల గురించి చెప్పే పనే లేదు. మా ఇంట్లో ఎక్కువసార్లు ఊపేది బత్తాయిదే. జిన్ 45, అప్పుడే పిండిన బత్తాయి రసం 60, నిమ్మరసం 15, పాకం ఒక చెంచా. బత్తాయిలో పులుపు తక్కువ కాబట్టి నిమ్మ తప్పదు. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసం వాడితే చేదెక్కుతుంది, అది షేకర్ తప్పు కాదు, కాయ గుణం. పిల్లలకు జిన్ తీసేసి చిటికెడు నల్ల ఉప్పు వేసి ఊపి ఇస్తే పైన నురగతో సహా తాగేస్తున్నారు. మజ్జిగ కూడా ఇందులో బాగా వస్తుంది. సోడా మాత్రం ఎప్పుడూ షేకర్‌లో పోయకండి, గ్యాసు మూతను తన్నేస్తుంది, సోడా గ్లాసులో చివర కలపాలి. ఊపేటప్పుడు చిన్న గ్లాసు మీ వైపు ఉంచుకోండి, ఊడినా మీ మీదే పడుతుంది, ఎదురుగా కూర్చున్న బావమరిది మీద కాదు. ఇంకో మాట, అన్నీ ఊపాల్సిన పని లేదు. నిమ్మరసం, పాలు, గుడ్డు తెల్లసొన లాంటివి ఉంటేనే ఊపాలి, ఉత్త మందులే కలిపేదైతే ఐసు వేసి చెంచాతో తిప్పితే సరిపోతుంది.

మా తాత తాటాకు రేకలో కల్లు పట్టుకుని తాగిన మనిషి, ఆయనకు లొట్టి తప్ప వేరే సామాను లేదు. ఆయన ఉండుంటే ఈ రెండు గ్లాసులకు, జల్లెడకు కలిపి 1,150 ఇచ్చానంటే ఏమనేవాడో నాకు బాగా తెలుసు, ఇక్కడ రాయలేను.

ఒక్కరికో ఇద్దరికో నెలకోసారి చేసుకునేవాళ్లయితే మంచి రకం చిన్న కాబ్లర్ కొనుక్కోండి, 500 మిల్లీలీటర్లది చాలు, మూత మాత్రం షాపులోనే నీళ్లు పోసి తీసి చూడండి. నలుగురు వచ్చే ఇల్లయితే స్టీలు బోస్టనే. ఏడాదిన్నరగా వాడుతున్నాను, తుప్పు లేదు, కారడం లేదు అని రాద్దామనుకున్నాను గానీ, పోయిన ఆదివారం చిన్నోడు పెద్ద గ్లాసును మెట్ల మీద నుంచి దొర్లించాడు. అంచుకు శనగగింజంత సొట్ట. మామూలు గ్లాసుకైతే పట్టించుకునేవాణ్ని కాదు, దీనికి అంచే ప్రాణం, ఊపగానే అక్కడి నుంచి సన్నగా కారింది. లోపల చపాతీ కర్ర ఆనించి, బయట నుంచి చెక్కముక్కతో మెల్లగా కొట్టి చాలావరకు సరిచేశాను. ప్రస్తుతానికి ఆ పక్క పైకి వచ్చేలా పట్టుకుని ఊపుతున్నాను, చుక్కా రెండు చుక్కలు పడుతున్నాయి.